అణువు లెక్క వేరు, స్ఫటికం లెక్క వేరు

1961లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఫ్రాంకెన్, ఆయన సహచరులు రూబీ లేజర్ కాంతిని ఒక క్వార్ట్జ్ స్ఫటికంలోకి పంపారు. లోపలికి వెళ్లింది 694.3 నానోమీటర్ల ఎర్రకాంతి. బయటికి వచ్చిన కాంతిని విడదీసి ఫొటో ప్లేటు మీద పట్టి చూస్తే, ఎర్రకాంతి గుర్తుకు బాగా ఎడంగా, సరిగ్గా సగం తరంగదైర్ఘ్యం (అంటే రెట్టింపు పౌనఃపున్యం) దగ్గర, 347.2 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి చుక్క ఒకటి కనిపించింది. ఆ చుక్క ఎంత చిన్నదంటే, వ్యాసం అచ్చయ్యేటప్పుడు దాన్ని ఎవరో దుమ్ము మరక అనుకుని చెరిపేశారని చెబుతారు. అచ్చయిన బొమ్మలో బాణం గుర్తు ఉంది, అది చూపించాల్సిన చుక్క లేదు. నాన్‌లీనియర్ ఆప్టిక్స్ అనే శాస్త్రశాఖకు పునాది పడింది ఆ ప్రయోగంతోనే.

ఇప్పుడు అదే ప్రక్రియ జేబులో పట్టే ఆకుపచ్చ లేజర్ పాయింటర్‌లో జరుగుతోంది. అందులోని చిన్న డయోడు 808 నానోమీటర్ల పరారుణ కాంతినిస్తుంది. ఆ కాంతి నియోడిమియం కలిపిన స్ఫటికాన్ని ఉత్తేజపరిస్తే 1064 నానోమీటర్ల కాంతి పుడుతుంది. కేటీపీగా పిలిచే పొటాషియం టైటానిల్ ఫాస్ఫేట్ స్ఫటికం దాని పౌనఃపున్యాన్ని రెట్టింపు చేసి 532 నానోమీటర్ల ఆకుపచ్చగా మారుస్తుంది. ఇలాంటి పని చేయగలిగి, పరిశ్రమలో నిలదొక్కుకున్న స్ఫటికాలు కొద్ది రకాలే. అందుకే కొత్తవాటి కోసం ఇంత వెతుకులాట. లోహాన్నీ సేంద్రియ అణువునూ జోడించి కట్టే సంకర పదార్థాల విషయంలో ఈ వెతుకులాట చాలావరకు కంప్యూటర్ మీదికి మారింది. ముందు తెర మీద అణువును గీసి, దాని స్పందనను లెక్కగట్టి, ఫలితం బాగుంటేనే ప్రయోగశాలలో చేయి పెట్టాలన్నది ఆలోచన. ఆలోచన మంచిదే. ఆ లెక్క దేన్ని కొలుస్తోందన్న దగ్గరే పేచీ.

కాంతి అంటే అటూ ఇటూ ఊగే విద్యుత్ క్షేత్రం. పదార్థం మీద పడినప్పుడు అది ఎలక్ట్రాన్ల మేఘాన్ని కూడా తనతో పాటు ఊపుతుంది. మామూలు కాంతిలో ఈ ఊగుడు క్షేత్రానికి అనులోమంగానే ఉంటుంది. ఎర్రకాంతి వెళితే ఎర్రకాంతే వస్తుంది. లేజర్ అంత బలమైన కాంతిలో మాత్రం ఆ అనులోమం చెదురుతుంది; నాన్‌లీనియర్ అన్న పేరు ఇందుకే. క్షేత్రం వర్గానికీ, ఘనానికీ అనులోమంగా ఉండే అదనపు పదాలు పైకి వస్తాయి. అణువు స్థాయిలో మొదటి పదం గుణకాన్ని ఆల్ఫా అని, రెండోదాన్ని బీటా అని, మూడోదాన్ని గామా అని అంటారు. పౌనఃపున్యాన్ని రెట్టింపు చేసేది బీటా.

బీటాకు ఒక కఠినమైన షరతు ఉంది. ఒకవైపు గోడ అడ్డున్న ఊయలను ఊపితే అది రెండో వైపే ఎక్కువ దూరం పోతుంది. ఎలక్ట్రాన్ మేఘం కూడా అలా ఒక దిక్కుకు తేలికగా, మరో దిక్కుకు కష్టంగా కదిలినప్పుడే రెట్టింపు పౌనఃపున్యం పుడుతుంది. అణువుకో స్ఫటికానికో సౌష్ఠవ కేంద్రం ఉంటే, అంటే ప్రతి బిందువుకూ కేంద్రానికి అవతల సరిగ్గా అలాంటి బిందువే ఉంటే, రెండు దిక్కుల స్పందనలూ పరస్పరం రద్దయిపోతాయి. మిగిలేది సున్నా. ఎంత ఖరీదైన లోహం పెట్టినా, ఎంత పొడవైన సేంద్రియ గొలుసు తగిలించినా ఆ సున్నా మారదు.

ఈ షరతును లెక్కతో ఎదుర్కోవడం కంప్యూటర్లు సులువుగా దొరకని రోజుల్లోనే మొదలైంది. చైనాలోని ఫుజియన్ పరిశోధన సంస్థలో చెన్ చువాంగ్‌తియన్ 1970లలో ఒక సిద్ధాంతాన్ని అభివృద్ధి చేశారు. స్ఫటికం మొత్తం స్పందనకు అందులోని రుణ అయాన్ గుంపులే ప్రధాన కారణమన్నది దాని సారం. బోరాన్, ఆక్సిజన్ కలిసిన సమతల వలయాల మీద ఆయన దృష్టి పెట్టారు. ఆ దారిలోనే 1980లలో బేరియం బోరేట్, ఆ తర్వాత లిథియం బోరేట్ స్ఫటికాలు వచ్చాయి. ఈ రెండూ ఇప్పటికీ లేజర్ ప్రయోగశాలల్లో నిత్యం వాడుకలో ఉన్నాయి. ఇంకా లోతైన అతినీలలోహిత కాంతి కోసం ఆయన బృందమే తెచ్చిన స్ఫటికంలో బెరీలియం ఉంది. దాని విషస్వభావం వల్ల తయారీ ఇప్పటికీ తలనొప్పే. ఈ చరిత్రలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. చెన్ లెక్కలు మొదటి నుంచీ స్ఫటికం గురించే, విడి అణువు గురించి కాదు.

సేంద్రియ అణువుల దారి వేరు. ఒక కొసన ఎలక్ట్రాన్లను ఇచ్చే గుంపు, మరో కొసన పుచ్చుకునే గుంపు, మధ్యలో ఎలక్ట్రాన్లు ప్రవహించే సంయుగ్మ గొలుసు. పారా-నైట్రోఅనిలీన్ ఇందుకు పాఠ్యపుస్తక ఉదాహరణ. 1977లో ఔదార్, షెమ్లా చూపిన రెండు స్థాయిల నమూనా ఈ అణువుల బీటాను మూడు విషయాలకు కుదించింది: భూస్థాయికీ (అణువు మామూలు స్థితికీ) ఉత్తేజిత స్థితికీ మధ్య ద్విధ్రువ భ్రామకంలో (ధన, రుణ ఆవేశాలు ఎంత ఎడంగా ఉన్నాయో చెప్పే కొలతలో) తేడా, ఆ రెండింటి మధ్య పరివర్తన బలం, వాటి మధ్య శక్తి అంతరం. ఈ అంతరం తగ్గేకొద్దీ బీటా వేగంగా పెరుగుతుంది. అయితే అంతరం తగ్గడమంటే అణువు దృశ్యకాంతిని పీల్చుకోవడం మొదలుపెట్టడమే. అంటే తాను పుట్టించిన ఆకుపచ్చ కాంతిని తానే మింగేస్తుంది. పెద్ద బీటా, పారదర్శకత ఈ రెండింటి మధ్య గుంజులాట ఈ రంగంలో ఏ మూలకు వెళ్లినా ఎదురవుతుంది. పైగా ఇలాంటి ద్విధ్రువ అణువులు స్ఫటికంలో తలాతోకా ఎదురుబొదురుగా సర్దుకోవడానికే మొగ్గు చూపుతాయి. అప్పుడు మళ్లీ సౌష్ఠవ కేంద్రం, మళ్లీ సున్నా.

లోహం ఇక్కడే పనికొస్తుంది. పరివర్తన లోహం తన ఎలక్ట్రాన్లను లిగాండ్‌కు, అంటే తనకు అతుక్కున్న అణువుకు, ఇవ్వగలదు, లిగాండ్ నుంచి తీసుకోగలదు. ఆక్సీకరణ స్థితి మారిస్తే అదే అణువు దాతగా, గ్రహీతగా పాత్రలు మార్చుకుంటుంది. 1987లో మాల్కం గ్రీన్, సేథ్ మార్డర్ తదితరులు నేచర్ పత్రికలో ఒక ఫెరోసీన్ సంయోగ పదార్థం గురించి రాశారు. ఇనుమున్న ఫెరోసీన్ దాత, నైట్రోఫినైల్ గుంపు గ్రహీత, మధ్యలో ఒక ద్విబంధం. ద్విబంధానికి రెండు గుంపులూ ఒకే వైపున్న దాని సిస్ రూపం, స్ఫటికాల పొడి మీద లేజర్ వేసి చూసే పరీక్షలో, పోలికకు వాడే యూరియా కంటే 62 రెట్లు ఎక్కువ సంకేతమిచ్చింది. అప్పటిదాకా లోహ-సేంద్రియ పదార్థాల మీద ఈ దృష్టితో ఆసక్తి చూపని రసాయనవేత్తలు ఒక్కసారిగా ఇటు తిరిగారు.

ఆ కథలో అంతగా ప్రచారం కాని భాగం తర్వాత బయటపడింది. ద్రావణంలో విడి అణువులుగా కొలిస్తే, రెండు గుంపులూ చెరో వైపున్న ట్రాన్స్ రూపం బీటా సిస్ రూపం బీటాకు రెండింతలకు పైగా ఉంది. అణువును మాత్రమే లెక్కించే కంప్యూటర్‌ను అడిగితే ట్రాన్స్‌కే ఓటు వేస్తుంది. పొడిలో మెరిసింది మాత్రం సిస్. కారణం అణువులో లేదు, అణువులు పేర్చుకున్న తీరులో ఉంది.

విడి అణువుకు బీటా ఎలా లెక్కిస్తారో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే పొరపాట్లు దూరేది అక్కడే. ముందు అణువు ఆకారాన్ని శక్తి కనిష్ఠమయ్యేదాకా సర్దుతారు. కంపన పౌనఃపున్యాలు లెక్కించి, ఒక్కటి కూడా ఊహాసంఖ్య కాలేదని చూసుకుంటారు. తర్వాత వాడే పద్ధతుల్లో తేలికగా అర్థమయ్యేది పరిమిత క్షేత్ర పద్ధతి. అణువు మీద ఒక చిన్న విద్యుత్ క్షేత్రాన్ని పెట్టి ద్విధ్రువ భ్రామకం లెక్కిస్తారు. క్షేత్రాన్ని తిప్పి మళ్లీ లెక్కిస్తారు. రెండు ఫలితాలను కూడి, క్షేత్రం లేనప్పటి విలువకు రెట్టింపును తీసివేసి, క్షేత్రం వర్గంతో భాగిస్తే బీటా వస్తుంది. సాధారణంగా తీసుకునే క్షేత్రం 0.001 పరమాణు ప్రమాణాలు (ఇలాంటి లెక్కలకు వాడే కొలత). పేరుకు చిన్నదే కానీ, మన కొలతల్లో అది మీటరుకు దాదాపు 51 కోట్ల వోల్టులు. బీటా 1000 పరమాణు ప్రమాణాలనుకుంటే, ఆ క్షేత్రం దాని ద్వారా భ్రామకంలో తెచ్చే మార్పు 0.0005 మాత్రమే. ఆ అంకెను నమ్మాలంటే భ్రామకం ఆరో దశాంశ స్థానం దాకా స్థిరపడాలి. ప్రోగ్రామ్‌లో ముందే పెట్టి ఉంచిన సడలింపు పరిమితులతో నడిపిస్తే వచ్చేది సగం బీటా, సగం సంఖ్యా గోల. పోనీ అని క్షేత్రాన్ని పది రెట్లు పెంచితే, గామా ఆపై పదాలు వచ్చి లెక్కలో కలుస్తాయి.

ఎలక్ట్రాన్ల వర్ణనకు దాదాపు అందరూ వాడేది సాంద్రతా ప్రమేయ సిద్ధాంతం, అంటే డీఎఫ్‌టీ. హోహెన్‌బర్గ్, కోన్ 1964లో వేసిన పునాది మీద కోన్, షామ్ 1965లో కట్టిన సిద్ధాంతమిది. ఇందులో ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావానికి వాడే ఉజ్జాయింపు సూత్రాన్ని ఫంక్షనల్ అంటారు. అలవాటైన బీ3ఎల్‌వైపీ ఫంక్షనల్ రసాయన బంధాలకు చక్కగా సరిపోతుంది. విద్యుదావేశం అణువు ఒక కొస నుంచి మరో కొసకు వెళ్లే చోట మాత్రం ఎలక్ట్రాన్లను ఉన్నదానికంటే సులువుగా పారనిస్తుంది. ఫలితంగా బీటా ఉబ్బిపోతుంది. పొడవైన గొలుసుల్లో సంప్రదాయ ఫంక్షనల్స్ ఎంత దారి తప్పుతాయో 1998లోనే బెనువా షాంపేన్, ఆయన సహచరులు పాలీఎసిటిలీన్ గొలుసుల మీద చూపించారు. 2004లో వచ్చిన కామ్-బీ3ఎల్‌వైపీ ఈ జబ్బును కొంత నయం చేసింది. దగ్గరి దూరాల్లో 19 శాతం, దూరపు దూరాల్లో 65 శాతం కచ్చితమైన ఎక్స్‌చేంజ్‌ను, అంటే ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావంలో ఉజ్జాయింపు లేకుండా లెక్కించిన భాగాన్ని, అది కలుపుకుంటుంది. లోహం చేరితే చిక్కులు మరికొన్ని. ఏ స్పిన్ స్థితిని ఎంచుకోవాలి, భారీ లోహం లోపలి ఎలక్ట్రాన్లను ఏ పొటెన్షియల్‌తో మార్చాలి, వ్యాపించిన మేఘాన్ని పట్టుకునే ఆధార ప్రమేయాలు చాలినన్ని ఉన్నాయా అన్నవి తేల్చుకోవాలి. ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా, బీటా పదాన్ని సగంతో గుణించే టేలర్ శ్రేణి పద్ధతిలో రాశారా, గుణించని పర్టర్బేషన్ శ్రేణి పద్ధతిలో రాశారా అన్న తేడా ఒక్కటి చాలు, ఒకే అణువు బీటా రెండు వ్యాసాల్లో రెండింతలుగా కనిపించడానికి. రెండు వ్యాసాల అంకెలను పక్కపక్కన పెట్టి పట్టికలు వేసేవారిలో ఎందరు ఈ సంగతి చూసుకుంటారన్నది అనుమానమే.

పెద్ద బీటా కోసం సాగే ఈ పరుగు ఎటు పోతుందో చెప్పడానికి 2005లో చైనాలోని జిలిన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఒక లెక్క మంచి ఉదాహరణ. కాలిక్స్[4]పైరోల్ అనే గిన్నె ఆకారపు అణువులో ఒక లిథియం పరమాణువును కూర్చోబెడితే ఏమవుతుందని వారు అడిగారు. ఖాళీ గిన్నె బీటా 390 పరమాణు ప్రమాణాలు. లిథియం కూర్చున్నాక 7326. గిన్నెలోని నైట్రోజన్లు లిథియం బాహ్య ఎలక్ట్రాన్‌ను బయటికి నెట్టడంతో అది వదులుగా, విస్తారంగా పరుచుకుంది. అంత వదులైన ఎలక్ట్రాన్ కాంతి క్షేత్రానికి ఎలా ఊగుతుందో ఊహించవచ్చు. భౌతికశాస్త్రం దృష్టితో అది నిజంగా అందమైన ఫలితం. ఆ తర్వాత బోరాన్ నైట్రైడ్ పంజరాలకు, గ్రాఫీన్ ముక్కలకు, కనిపించిన ప్రతి వలయానికీ లిథియం లాంటి క్షార లోహాన్ని తగిలించి అంతకంటే పెద్ద అంకెలను ప్రకటించే వ్యాసాల వరద వచ్చింది. వాటిలో చాలావరకు శూన్యంలో ఒంటరిగా, సున్నా కెల్విన్ దగ్గర, ఎన్నడూ గాలి తగలని అణువులు.

అలాంటి ఎలక్ట్రాన్ అసలు అసాధ్యమని కాదు. క్షార లోహ రుణ అయాన్లున్న స్ఫటికాన్ని 1974లోనే జేమ్స్ డై బృందం తయారుచేసింది. 1980లలో ఎలక్ట్రాన్లే రుణ అయాన్లుగా ఉన్న ఎలక్ట్రైడ్ కూడా ఆ బృందం చేతుల్లోంచే వచ్చింది. చల్లగా, గాలి తగలకుండా కాపాడితే తప్ప అవి నిలవవు. గది ఉష్ణోగ్రత దగ్గర నిలిచే అకర్బన ఎలక్ట్రైడ్‌ను జపాన్‌లో హిడియో హోసోనో బృందం 2003లో చూపింది. దాని ఆధారం సిమెంటులో కనిపించే కాల్షియం అల్యూమినేట్ కుటుంబం. కాబట్టి క్షార లోహపు లెక్కలు ప్రకటించే వ్యాసాలు కనీసం ఒక ప్రశ్నకు జవాబివ్వాలి: ఈ అణువు నీటి ఆవిరితో, ఆక్సిజన్‌తో కలిస్తే ఎంత శక్తి విడుదలవుతుంది? బీటా లెక్కించిన అదే ప్రోగ్రామ్‌తో ఈ లెక్క కూడా చేయవచ్చు. పెద్ద కష్టం కూడా కాదు.

లెక్క ముందు, పదార్థం వెనుక అన్న వరుస సవ్యంగా నడిచిన సందర్భాలూ ఉన్నాయి. ఆరు మాలిబ్డినం పరమాణువులు, వాటి చుట్టూ ఆక్సిజన్లు చేరిన హెక్సామాలిబ్డేట్ గుత్తికి ఒక ఆక్సిజన్ స్థానంలో నైట్రోజన్ ద్వారా సేంద్రియ వలయాన్ని జోడించవచ్చు. ఈ జోడింపులో సేంద్రియ భాగం దాత, లోహపు గుత్తి గ్రహీత అవుతుందని, బీటా పెద్దగా ఉంటుందని చైనాలోని ఈశాన్య నార్మల్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2000ల దశకంలో లెక్కగట్టారు. తర్వాతి దశకంలో ఇంగ్లండ్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయ రసాయనవేత్తలు ఈ కుటుంబపు అణువులను తయారుచేసి, ద్రావణంలో చెదిరే కాంతిని కొలిచే హైపర్-రేలీ పద్ధతిలో పరీక్షించారు. బీటా గణనీయంగానే ఉంది. అంతకంటే ముఖ్యంగా, దాని కోసం పారదర్శకతను అంతగా వదులుకోవాల్సి రాలేదు. ఆ లెక్క నెగ్గడానికి కారణం, తయారీ మార్గం ముందే తెలిసిన అణువును తీసుకోవడం.

లోహం చేసే అసలు ఉపకారం బీటాను పెంచడం కాదని, స్ఫటికంలో దిక్కును నిర్ణయించడమని వాదించడానికి గట్టి ఆధారం లోహ-సేంద్రియ జాలకాల్లో, అంటే లోహాలను సేంద్రియ లిగాండ్లతో వలలా కలిపిన స్ఫటికాల్లో, దొరుకుతుంది. అమెరికాలో వెన్‌బిన్ లిన్ బృందం 1990ల చివర నుంచి జింకు, కాడ్మియంలతో ఈ పని చేసింది. ఆ రెండు లోహాల డి కక్ష్యలు పూర్తిగా నిండి ఉంటాయి కాబట్టి అవి దృశ్యకాంతిని పీల్చవు. పారదర్శకత సమస్య సగం తీరినట్టే. నాలుగు దిక్కులకు చేతులు చాచే చతుర్ముఖి జింకుకు సౌష్ఠవ కేంద్రం ఉండదు. ఒక కొసన పిరిడిన్, మరో కొసన కార్బాక్సిలేట్ ఉన్న అసమాన లిగాండ్లతో ఇలాంటి జింకులను కలుపుకుంటూ పోతే వజ్రం లాంటి జాలకం వస్తుంది. ఆ జాలకంలో ఖాళీలు ఎక్కువ, కాబట్టి ఒకదానిలో ఒకటి దూరి మరిన్ని జాలకాలు పెరుగుతాయి. ఇలా పెనవేసుకున్న జాలకాల సంఖ్య సరిసంఖ్య అయితే, జంటలు జంటలుగా ఎదురెదురు తిరిగి సౌష్ఠవ కేంద్రాన్ని తెచ్చుకునే వీలుంది. బేసి సంఖ్య అయితే జత కుదరని జాలకం ఒకటి మిగిలిపోతుంది, స్పందన బతుకుతుంది. లిగాండ్ పొడవు మార్చి ఆ సంఖ్యను అదుపు చేయవచ్చని ఆ బృందం చూపింది. ఈ పనిలో బీటా రికార్డులేవీ లేవు. జ్యామితి ఉంది, అది సరిపోయింది.

అమ్మోనియం అయాన్లనూ లోహ హాలైడ్లనూ కలిపే సంకర పెరోవ్‌స్కైట్లలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. కుడి-ఎడమ భేదమున్న కైరల్ సేంద్రియ అయాన్‌ను ఒకే చేతివాటంతో వాడితే, స్ఫటికంలో సౌష్ఠవ కేంద్రం ఏర్పడే అవకాశమే ఉండదు. సీసం బదులు జెర్మేనియం వాడితే, దాని ఒంటరి ఎలక్ట్రాన్ జంట అష్టముఖిని ఒక పక్కకు వంచుతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో టి.పి. రాధాకృష్ణన్ బృందం లోహాలు లేని క్వినోడైమీథేన్ అణువులతో చాలాకాలం పట్టువదలకుండా వెంబడించింది కూడా ఈ ప్రశ్ననే: అణువులు ఎదురుబొదురుగా పడుకోకుండా చేసేదెలా?

గామా కథ వేరు. మూడో పదానికి సౌష్ఠవ షరతు లేదు కాబట్టి లోహాన్ని మధ్యలో పట్టుకునే వలయాకార అణువులైన పోర్ఫిరిన్లు, థాలోసయనిన్లు ఇక్కడ రాజ్యమేలతాయి. మధ్యలో జింకు పెడితే ఒక స్పందన, రాగి పెడితే మరొకటి. తీవ్రమైన లేజర్ నుంచి కళ్లనూ సెన్సర్లనూ కాపాడే పూతలకు ఇవి అభ్యర్థులు. నమూనాను లేజర్ కేంద్రీకరణ బిందువు గుండా ముందుకూ వెనక్కూ జరుపుతూ కొలిచే జడ్-స్కాన్ పద్ధతిలో ఇలాంటి అణువుల మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్తలూ, అదే నగరంలోని ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) రసాయనవేత్తలూ కలిసి ఎన్నో వ్యాసాలు ప్రచురించారు. సంశ్లేషణ, కొలత ఒకే ఊళ్లో జరగడం ఈ రంగంలో చిన్న సౌకర్యమేమీ కాదు.

స్ఫటికం మొత్తాన్ని లెక్కించే దారి కష్టమైనదే. అందుకే చాలామంది అణువు దగ్గరే ఆగిపోతారు. ఒకే అమరిక అన్ని దిక్కులా పునరావృతమయ్యే ఆవర్తక నమూనాలో డీఎఫ్‌టీ శక్తి అంతరాన్ని తక్కువగా చూపుతుంది. దాన్ని ప్రయోగ విలువకు జరిపి సరిచేసుకోవాలి. ఆ పని అయ్యాక కూడా లోపలికి పంపిన కాంతీ, కొత్తగా పుట్టిన కాంతీ స్ఫటికంలో ఒకే వేగంతో నడవాలన్న మరో షరతు మిగిలే ఉంటుంది. అందుకు తగిన ద్వివక్రీభవనం (కాంతి ధ్రువణాన్ని బట్టి వేగం మారే గుణం) లేకపోతే, పుట్టిన కాంతి కొన్ని మైక్రాన్ల దూరంలోనే తనను తాను రద్దు చేసుకుంటుంది. ఇప్పుడు మెషీన్ లెర్నింగ్ నమూనాలు వేల నిర్మాణాలను గంటల్లో జల్లెడ పడుతున్నాయి. వాటికి నేర్పే డేటాలో శూన్యపు అణువులే నిండి ఉంటే, అవి ఇచ్చే సలహా కూడా శూన్యానికే పనికొస్తుంది.

కొత్త పదార్థాన్ని అంచనా కట్టేటప్పుడు అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీని (లేజర్లతో కేంద్రక సంలీన ప్రయోగాలు చేసే కేంద్రాన్ని) పక్కన పెట్టుకుని చూడటం మంచిది. అక్కడ 192 లేజర్ పుంజాలను 1053 నానోమీటర్ల నుంచి 351 నానోమీటర్లకు మార్చేవి కేడీపీ, అంటే పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, దాని డ్యుటీరియం రూపం. కేడీపీ నాన్‌లీనియర్ గుణకం వోల్టుకు 0.39 పికోమీటర్లు మాత్రమే. లిథియం నియోబేట్ అత్యధిక గుణకంతో పోలిస్తే అది ఎన్నో రెట్లు తక్కువ. బీటా పట్టికల్లో దానికి ఏ మూలా చోటు దక్కదు. అది నీటిలో కరుగుతుంది, మళ్లీ ఆ నీటిలోంచే స్ఫటికంగా పెరుగుతుంది. ఆ ప్రయోగశాల కోసం పెంచిన ఒక్కో స్ఫటికం దాదాపు రెండు నెలల్లో 300 కిలోలు దాటిన సందర్భాలున్నాయి.